వీబే తెచ్చిన ఆపిల్ కేకు

“ఆపెయ్ వీబే, నీకు దణ్ణం పెడతాను,” అంది ఫెన్నా.

తెరమీద పచ్చగీత నలభై శాతం దగ్గర నీరసంగా పాకుతోంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి సముద్రం దాటి చికాగో దాకా డేటా మోసే లైను వేగం అది. పదకొండింటికి పరీక్షా సంఘం వస్తుంది. వాళ్ల కళ్లముందు ఆ గీత తొంభైకి పైన పది నిమిషాలు నిలవాలి. నిలవకపోతే ఫెన్నా నాలుగేళ్ల పరిశోధన గంగలో కలిసినట్టే. ఇప్పుడు టైము పదీ నలభై. నిన్నటినుంచి గీత యాభై దాటితే ఒట్టు!

డేటా పంపడానికి ఆమె రాసిన ప్రొటోకాల్‌కి మర్యాద మరీ ఎక్కువ. లైను ఖాళీగా ఉంటే పరుగు తీస్తుంది. ఇంకెవరైనా ఎక్కితే వెంటనే పక్కకి తప్పుకుంటుంది. అంటే ఎవరో ఎక్కారు.

“నేనేనని ఎవరు చెప్పారు?” అన్నాడు వీబే. ల్యాబులో అందరికంటే పెద్దవాడు. నెలాఖరుకి రిటైరవుతున్నాడు.

“నా కాపలా ప్రోగ్రాము చెప్పింది. మొన్నొకసారి గీత కుంగితే హడలిపోయి రాసి నడిపించాను. ఇక్కడొకటి, చికాగోలో ఒకటి కూర్చుని, లైనుమీద కనబడిన ప్రతిదీ ఒకదానికొకటి చెప్పుకుంటాయి. లైనెక్కినవాళ్ల జాబితాలో రెండే పేర్లు. ఒకటి నేను, రెండోది నువ్వు.”

“నాది సెకనుకో చిట్టి సందేశం తల్లీ. పిచ్చుక వాలితే వంతెన కుంగుతుందా? అయినా అది చికాగో చేరే టైముని ఇరవై రోజులనుంచి కొలుస్తున్నాను, ఇప్పుడే అడ్డమొచ్చానా?”

“మరింకెవరు? నువ్వే చెప్పు!”

“ఒక్కరోజు ఆగవే. రేపటితో పూర్తవుతుంది. మధ్యలో తెగితే ఆ లెక్కంతా చెత్తబుట్టకే. మళ్లీ మొదలుపెట్టడానికి నాకింక రోజుల్లేవు.”

“నాకు ఇరవై నిమిషాల్లేవు వీబే!”

ప్రొఫెసర్ మారైకే తలుపు సందులోంచి తల పెట్టింది.

“వాళ్లు కింద కాఫీ తాగుతున్నారు. ముందే వచ్చేశారు, ఐదు నిమిషాల్లో పైకి తీసుకొస్తాను. ఏమిటా తెరమీద సంత? గీతొక్కటి ఉంచి తక్కినవన్నీ మూసెయ్.”

వీబే ఫెన్నా మొహం చూశాడు. కళ్లనిండా నీళ్లు. తన కుర్చీలోకి వెళ్లి ఒక మీట నొక్కాడు.

“పో. ఆపేశాను.”

ఫెన్నా జాబితాలు, పట్టికలు, కాపలా ప్రోగ్రాము అన్నీ ఒక్కొక్కటే మూసేసింది. మెట్లమీద బూట్ల చప్పుడు.

గీత లేచింది. అరవై, ఎనభై, తొంభై ఎనిమిది! ఐదుగురు పెద్దలు చేతులు కట్టుకుని పది నిమిషాలు చూశారు. గీత కదిలితే కదా! సంఘం పెద్దాయన వచ్చి ఫెన్నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

“చూశావా? నువ్వేనని నే చెప్పలా?” ఫెన్నా ఏడుస్తూ నవ్వింది.

“నిజమే తల్లీ. పిచ్చుకనుకున్నాను, ఏనుగేనన్నమాట,” అన్నాడు వీబే.

ఇంకొకరి లైను తొక్కినవాడు అందరికీ ఆపిల్ కేకు పెట్టాలన్నది ఆ ల్యాబు రివాజు. ఎవరూ అడక్కముందే వీబే వానలో సైకిలెక్కి వెళ్లి తెచ్చాడు. తడిసిన కోటుతోనే ముక్కలు కోసి అందరికీ పంచాడు. తను మాత్రం ముట్టుకోలేదు, ఆకలి లేదన్నాడు.

చికాగోకి డేటా ఇంకా పోతూనే ఉంది. గీత తొంభై ఎనిమిది మీదే ఉంది.

“ఫెన్నా, వీబేని పట్టుకున్న ఆ కాపలా ప్రోగ్రామేదో వీళ్లకీ చూపించు,” అంది మారైకే, నోట్లో కేకుతోనే.

ఫెన్నా వేలికంటిన క్రీము నాకేసి, గర్వంగా దాన్ని మళ్లీ నడిపించింది. అందరూ తెరవైపు తిరిగారు.

గీత నలభైకి కూలింది.