చివరి వరుస

"సార్, ఈ కోటెవరిది?" బ్రాడ్‌వేలో నా కొత్త నాటకం రిహార్సల్ ఆపి అడిగింది, నా భార్య వేషం వేస్తున్న లోర్నా.

"మా ఆవిడదే. ఆవిడ పోయాక ఈ వేషానికి నేనే ఇచ్చాను."

"ఆవిడ మీ నాటకం ఒక్కటీ చూడలేదన్నారు? జేబు నిండా మీ నాటకాల టికెట్ ముక్కలే. అన్నీ పై బాల్కనీ, చివరి వరుస."

"అక్కడికేం వినపడుతుంది?"

"బాగుంది సార్. ఆ వరుసకు వినపడాలనేగా మా గొంతులు చింపిస్తారు?"

మెట్లెక్కి ఆ వరుసలో కూర్చున్నాను. "మొదలుపెట్టండి."

నా వేషం వేస్తున్న ఎమెట్ భార్యను గయ్యాళి అన్నాడు. ప్రతి అక్షరం వినపడింది. ఆ తిట్టు నా ప్రతి నాటకంలోనూ ఉంది.

ఆట ముగిసి నేనింటికి వెళ్లేసరికి ఆమె రోజూ సూపు వేడిచేసి ఉంచేది.