పక్క సీటు తలుపు

మొదట్లో తాళాలాయన చేతిలో ఉన్నవి ఇవీ: తండ్రి వదిలి వెళ్లిన తాళాల కొట్టు, ఇంటి పక్కన రేకుల షెడ్డు, ఆదివారం పూట తీరిక, ఎవరో వాడి అమ్మేసిన రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు.

అలాంటి కారు చిన్నప్పుడొకసారి వాళ్ల కొట్టు ముందు ఆగింది. గల్లాపెట్టె మీద గడ్డం ఆనించి చూశాడు. అది కదిలి వెళ్లినప్పుడు కొక్కేలకు వేలాడే తాళాలన్నీ కాసేపు గలగలలాడాయి.

ఆ చప్పుడు చెవుల్లోంచి పోలేదు. జుట్టు నెరిశాక, బ్రోకర్ ద్వారా కొన్నాడు. అమ్మినవాడి మొహం కూడా చూడలేదు.

"జుట్టుకి రంగేసుకున్నా సరిపోయేది," అంది భార్య.

"ఎక్కి చూడు, తెలుస్తుంది."

"ఎక్కడానికి నా వైపు తలుపు రావాలిగా."

నిజమే. పక్క సీటు తలుపు బయటి నుంచి ఎంత లాగినా రాదు. నడిపేవాళ్లే వంగి లోపలి నుంచి తీయాలి.

తాళాలు, గడియలు అమ్మేవాడి ఇంట్లో తెరుచుకోని తలుపా?

మొదటి ఆదివారమే తలుపు లోపలి అట్ట విప్పాడు. లోపల ఒక తీగ కొక్కెం నుంచి జారి ఉంది. తగిలించాడు. అంతే పని.

"ఈ మాత్రానికి ఇన్నేళ్లు బాగుచేయించలేదంటే, వాడెంత పిసినారో," అన్నాడు.

తరువాతి ఆదివారం గేటు దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"బండి చూడొచ్చా బాబూ?"

"చూడటానికేముంది, రండి."

ఎదుటివాడికి ఏం కావాలో నువ్వు అడగకు, ముందు నోరు విప్పినవాడిదే నష్టం అని కొట్లో తండ్రి నేర్పాడు. అందుకని తాళాలాయన ఇంకేమీ అడగలేదు. పెద్దాయనా చెప్పలేదు.

ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టాడు. తాళాలాయన ఆయిలు మారుస్తాడు, ప్లగ్గులు తుడుస్తాడు, బంపరుకు పాలిష్ పెడతాడు. పెద్దాయన ఇంజిన్ చూడడు, టైర్లు చూడడు. పక్క సీటు వైపు వెళ్లి నిలబడతాడు.

"బేరగాడే," అన్నాడు తాళాలాయన భార్యతో. "కొనేవాడు కావలసిన సరుకు చూడడు, పక్కకి చూస్తాడు. నేనూ అంతే."

"ఏం కావాలండీ అని ఒక్క మాట అడిగితే పోయేదిగా."

"అడిగితే లోకువైపోతాం. ఈ బండి నేను వదిలేది లేదు."

ఒకరోజు ఎర వేశాడు. స్టీరింగ్ చేతికి తగిలాక ఏ బేరగాడూ కళ్లలో ఆశ దాచుకోలేడు.

"రండి, ఇలా డ్రైవరు సీట్లో కూర్చోండి."

"నాకు డ్రైవింగ్ రాదు బాబూ."

స్పోర్ట్స్ కారు చుట్టూ తిరిగేవాడికి డ్రైవింగ్ రాదట. ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నాడు?

"ఈ తలుపు... అలాగే ఉందా?" అడిగాడు పెద్దాయన.

వంక పెట్టడం మొదలైందనుకున్నాడు తాళాలాయన. వంక పెడితేగా ధర దిగేది.

"ఎందుకుంటుంది? బాగుచేశాను. చూడండి." బయటి పిడిని రెండు వేళ్లతో లాగాడు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. "కూర్చుంటారా?"

పెద్దాయన తెరిచిన తలుపు వైపు చాలాసేపు చూశాడు. ఎక్కలేదు.

"బాగా చేశారు," అన్నాడు. "మంచి పనితనం."

వెళ్తూ గేటు దగ్గర ఆగాడు. ఇంజిన్ చప్పుడు వినాలనుందేమో. తాళాలాయన స్టార్ట్ చేయలేదు. సరుకును ఊరికే చూపించకూడదు.

పెద్దాయన మళ్లీ రాలేదు.

"వంక దొరకలేదు, బేరం మానుకున్నాడు," అని నవ్వాడు తాళాలాయన. గెలిచాననే అనుకున్నాడు. గెలిచినవాడికి ఆదివారాలు ఎందుకు బోసిపోయాయో, చేతిలో గుడ్డ పట్టుకుని గేటు వైపు ఎందుకు చూస్తున్నాడో అర్థం కాలేదు.

వానలు వెలిశాక బ్రోకర్ వచ్చాడు, ఇంకో బండి అంటగట్టడానికి. మాటల్లో అలవాటుగా ఎర్ర కారు పక్క తలుపు లాగాడు.

"అరే, బాగుచేయించేశారా సార్?"

"చేయించడమేంటి, నేనే చేశా. ఏం?"

"అమ్మినాయన ఒకటే షరతు పెట్టాడు. ఆ తలుపు జోలికి పోవద్దని. చెబితే లోపముందని మీరు బేరం దించుతారని నేనే మింగేశా."

"అదేం షరతు?"

"ఏమో సార్. బండి వాళ్లావిడది, ఆవిడే నడిపేది. ఆయనకి డ్రైవింగ్ రాదు. ఆవిడ పోయాక అమ్మేశాడు."

తాళాలాయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఎక్కడుంటాడిప్పుడు?"

"ఇంకెక్కడుంటాడు సార్. పోయిన నెలే పోయాడు."

బ్రోకర్ వెళ్లాక తలుపు అట్ట మళ్లీ విప్పాడు. తగిలించిన తీగను కొక్కెం నుంచి తప్పించాడు. అట్ట బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, భార్యను పిలిచాడు.

ఆమె పిడి లాగింది. "రావట్లేదు. బాగుచేశానన్నారుగా?"

"చెడగొట్టాను."

"మతిగాని పోయిందా? నలుగురికి తెలిస్తే ఇంకెవరైనా మన దగ్గర తాళం కొంటారా?"

అని, కొంగు సర్దుకుంటూ అక్కడే నిలబడింది. అతను సీట్లోంచి పక్కకి ఒరిగాడు. గేరు రాడ్డు మీదుగా వంగి, ఆమె కూర్చోబోయే చోట ఒక చెయ్యి ఆనించి, రెండోది గడియ దాకా చాచాడు. అద్దానికి అవతల ఆమె మొహం ఇంత దగ్గరగా వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె నవ్వు ఆపుకుంది.

గడియ టక్కుమంది.

"ఇదేదో బాగానే ఉందే," అంది ఎక్కుతూ.

లెక్క చూస్తే చివరికి అతనికి మిగిలినవి ఒక ఎర్ర కారు, బయటి నుంచి తెరుచుకోని ఒక తలుపు. ఆ తలుపును అతనికి ఇచ్చిపోయింది బేరగాడు కాదు, ఒక చెయ్యి తనకోసం లోపలి నుంచి అంత దూరం సాగి వస్తుందని, కాపురమంతా దాని బయటే నిలబడి ఎదురుచూసిన మనిషి.