నొక్కని బటన్

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన బావను చూద్దామని చెల్లెలు వచ్చేసరికి, అక్క టీవీ ముందు కూర్చుని వీడియో గేమ్ ఆడుతోంది.

ఆటలో, తవ్వకాల్లో బయటపడిన విగ్రహం కోసం తోటి శాస్త్రవేత్తను సొరంగంలో పెట్టి మూసేసిన దుర్మార్గుడు గోతి అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. సొరంగంలోంచి బయటపడ్డ ఆ శాస్త్రవేత్తగా ఆడుతున్న అక్క బటన్ నొక్కితే గెలిచినట్టే.

“నాకంటే ముందు దాన్ని కనిపెట్టింది నువ్వే. ఒప్పుకుంటున్నాను. చెయ్యి అందించు,” అని వాడు బతిమాలుతున్నాడు. అక్క నొక్కకపోయేసరికి మళ్లీ అవే మాటలు మొదలుపెట్టాడు.

“నొక్కక్కా. అలాంటివాడి మీద జాలేంటి?”

“జాలి కాదే.”

“లోపల బావ అలా పడుకునుంటే నీకు ఆటలెలా సాగుతున్నాయసలు?” చెల్లెలికి ఒళ్లు మండి కంట్రోలర్ లాక్కోబోయింది.

అక్క వదల్లేదు. “నొక్కితే వాడు పడిపోతాడు, ఆట అయిపోతుంది. వాడికి గొంతిచ్చింది మీ బావే. ఇంక ఆయనకి మాట రాదని డాక్టర్ పొద్దున తేల్చి చెప్పేశాడు.”

గది తలుపు తెరుచుకుంది. మెడకు కట్టుతో బావ మెల్లగా వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

తెర మీద దుర్మార్గుడు మళ్లీ బతిమాలాడు. ఒక్కో మాటకూ బావ పెదవులు కదిలాయి.

అక్క తెరను వదిలేసి ఆయన ముఖమే చూస్తూ ఉండిపోయింది.