కొండ మీది సంసారం

కొండకు వచ్చినప్పటి నుంచి పిల్లవాడు రామకృష్ణను ఒక్కసారి కూడా నాయనా అని పిలవలేదు.

ఎంత బుజ్జగించినా అంతే. భుజం మీద ఎక్కించుకుని వాగు దాకా తిప్పాడు. తునికిపళ్లు ఏరి ఒళ్లో పోశాడు. మోదుగాకులతో పడవలు చేసి నీళ్లలో వదిలాడు. వాడు పళ్లు తిన్నాడు, పడవలు ముంచాడు, చివరికి "మామా, ఇంటికి పోదాం" అన్నాడు. పక్కన స్నానాలు చేస్తున్న యాత్రికులు తిరిగి చూశారు. రామకృష్ణ వాణ్ణి ఎత్తుకుని గబగబా అక్కణ్ణుంచి కదిలాడు.

వాడు తన కొడుకు కాదు. వాడి తల్లి ఉరుకుందమ్మ తన భార్యా కాదు. ఎండలు తాళలేక ఎగువ అహోబిలంలో నాలుగు రోజులు చల్లగా ఉండి పోదామని వచ్చిన నేతవాళ్ల కుటుంబమని సత్రంలో చెప్పుకున్నారు, అంతే.

తెల్లదొరల మీద లేచిన కిందటి ఆగస్టు గొడవల్లో రైలుకట్ట పక్కన తంతితీగలు తెంపినవాళ్లలో రామకృష్ణ ఒకడు. మిగిలినవాళ్లంతా దొరికిపోయారు. అతన్ని మాత్రం కోడుమూరులో మద్దయ్య అనే నేతగాడు తన ఇంట్లో దాచి చలికాలం గడిపించాడు. ఎండాకాలం వచ్చేసరికి అక్కడా సోదాలు మొదలయ్యాయి. నల్లమల దాటి అవతలికి పోతే తప్ప దారి లేదు. పోలీసులు వెతుకుతున్నది ఒంటరి కుర్రవాణ్ణి. పెళ్లాంబిడ్డలతో కొండకు పోయేవాణ్ణి ఎవరు పట్టించుకుంటారని మద్దయ్య ఎత్తు వేశాడు. అడిగిన ఇళ్లన్నీ భయపడి వెనక్కి తగ్గితే, అతని మేనకోడలు ఉరుకుందమ్మ ఒక్కతే బిడ్డను చంకనేసుకుని బయలుదేరింది. ఆమె మొగుడికి తెలుసా అని రామకృష్ణ అడిగితే మద్దయ్య మాట మార్చేశాడు.

అడవి దాటించాల్సిన చెంచు మనిషి వస్తానన్న రోజుకు రాలేదు. రామకృష్ణకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, తింటే ముద్ద దిగదు. ఉరుకుందమ్మ అతన్ని మించిపోయింది. పొయ్యి మీద ఎసరు పెట్టి, అది పొంగిపోతున్నా చూసుకోకుండా మెట్లదారి వైపు చూస్తూ నిలబడేది. పోలీసు తలపాగా ఎంత దూరాన కనబడినా కొంగు ముఖం మీదికి లాక్కునేది. ఈమె భయమే తనను పట్టిస్తుందేమోనని అతనికి బెంగ.

"మీ ఇంటాయన యాడ ఉండాడమ్మా?" అని ఒకసారి అడిగాడు.

"పని యాడికి పంపితే ఆడికి పోతాడన్నా. ఈ పొద్దు యాడుండాడో నాకే తెలీదు," అని ఆమె బిందె తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు కబురు వచ్చింది. చెంచు మనిషి కింద వాగు మలుపులో ఉన్నాడు. రామకృష్ణను అతనికి అప్పగించి, తల్లీబిడ్డలు దిగువన ఉన్న మద్దయ్య బండిలో ఇల్లు చేరుకోవాలి. ఎండ ఎక్కకముందే ముగ్గురూ దిగడం మొదలుపెట్టారు.

సగం దారిలో ముళ్లకంప అడ్డం వేసి ఉంది. బండ మీద ఇన్‌స్పెక్టరు. చుట్టూ జవాన్లు.

వెనక్కి తిరిగితే అనుమానం వస్తుంది. రామకృష్ణ పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు. ఉరుకుందమ్మ కాళ్లు అక్కడే నిలిచిపోయాయి. రమ్మని కళ్లతోనే బతిమాలాడు. ఆమె నిండుగా కొంగు కప్పుకుని అతని వీపు చాటున నడిచింది.

ఇన్‌స్పెక్టరు ఏ ఊరని అడిగాడు, ఏం పని చేస్తారని అడిగాడు, కొండకెందుకు వచ్చారని అడిగాడు. బిడ్డకు వడదెబ్బ తగిలితే చల్లగాలికి తీసుకొచ్చామని రామకృష్ణ చెప్పాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అతను నేల మీద పెట్టిన మూటను ఒక జవాను తల వంచుకుని విప్పుతున్నాడు. ఇన్‌స్పెక్టరు చూపు మాత్రం పిల్లవాడి మీదే ఉంది. పోలికలు కుదరలేదేమో, లేచి దగ్గరికి వచ్చాడు.

"ఏమ్రా, మీ నాయన ఎవురు?"

పిల్లవాడు ఆయన మీసాలు చూశాడు. తల్లి కోసం చూశాడు. ఇప్పుడు మామా అంటాడు, ఇక అంతా అయిపోయినట్టే అనుకున్నాడు రామకృష్ణ. మూటలో బట్టలు తప్ప ఏమీ లేవంటూ జవాను లేచి నిలబడ్డాడు. అంతలో పిల్లవాడు కిలకిలా నవ్వి, రెండు చేతులూ చాచి, "నాయనా" అని కేక పెట్టాడు. ఎగిరెగిరి పడుతూ మళ్లీ మళ్లీ అదే పిలుపు. రామకృష్ణ వాణ్ణి గుండెకు హత్తుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇన్‌స్పెక్టరు ఇంకా కదల్లేదు. మూట విప్పిన జవాను కొయ్యబారినట్టు నిలబడ్డవాడు, ఒక అడుగు ముందుకు వేశాడు.

"బిడ్డ వాళ్ల నాయనను చూసి మురుస్తాండాడు సార్," అన్నాడు. "పసోడికి అబద్ధం చెప్పను వస్తాదా?"

ఇన్‌స్పెక్టరు నవ్వి, పొమ్మని చెయ్యి ఊపాడు. ఆ జవానే ముళ్లకంప పక్కకు లాగాడు. వాళ్లు దాటుతుంటే పిల్లవాడి తల నిమిరి, ముఖం తిప్పుకున్నాడు.

కొంచెం దూరం పోయాక పిల్లవాడు భుజం మీది నుంచి వెనక్కి చేతులు చాచి ఏడుపు లంకించుకున్నాడు. వెనక వస్తున్న తల్లి కోసమని రామకృష్ణ అనుకున్నాడు. ఆగడానికి ధైర్యం చాలక, వాణ్ణి గట్టిగా పట్టుకుని గబగబా దిగాడు.

వాగు మలుపులో చెంచు మనిషి లేచి నిలబడ్డాడు. రామకృష్ణ ఎక్కిళ్లు పెడుతున్న పిల్లవాణ్ణి తల్లి చేతికి ఇచ్చాడు. ఆమె ముఖమంతా తడిసి ఉంది.

"నీ కొడుకు నా ప్రాణం నిలబెట్టినాడమ్మా," అన్నాడు. "ఇన్నాళ్లూ పిలవనోడు, సరిగ్గా ఈ పొద్దు నన్ను నాయనా అన్నాడు."

"పిలిచింది నిన్ను గాదన్నా," అంది ఉరుకుందమ్మ, "నీ మూట విప్పిన ఆ జవానే వీని నాయన."