వెనకనుంచి చించిన పుస్తకం

కథ సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోట కాగితం లేదు. పుల్లారావు గల్లాపెట్టె వెనక తడిమాడు, తక్కెడ కింద చూశాడు. లాభం లేకపోయింది. ఆ కాగితాన్ని పొద్దున తన చేత్తోనే చించి, పొట్లం కట్టి ఇచ్చేశాడు. ఎవరికిచ్చాడో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

కొమరోలులో ఆయనది చిల్లర సరుకుల దుకాణం. పొట్లాలకని మార్కాపురంనుంచి పాత పుస్తకాలు కిలోల లెక్కన తెస్తాడు. ఏ పుస్తకాన్నయినా వెనకనుంచే చించుతాడు. ముందునుంచి మొదలుపెడితే దారం తెగి మొత్తం ఊడొస్తుందని ఆయన నమ్మకం. ఈ పుస్తకానికి అట్టా లేదు, రాసినాయన పేరూ లేదు. అన్నీ ఆ ఒక్కాయన సైన్సు కథలే, అన్నీ వంకర కథలే.

ఒకదాంట్లో రైతు పన్నెండు వందల అడుగులు బోరు వేయిస్తాడు. నీళ్ళు పడవు, కిందనుంచి ఒక గొంతు వినిపిస్తుంది: "మా మిద్దెకు బొక్క పెడుతున్నారే, వానొస్తే కారదా?" "వానొస్తే మేమెందుకు బోరేస్తామయ్యా!" అంటాడు రైతు. ఇంకోదాంట్లో ఒక బర్రె రేపటి పాలు ఈరోజే ఇస్తుంది. ఒక పొద్దున చుక్క కూడా రాదు. ఇంటిల్లిపాదీ రేపటిని తలుచుకుని నోరెత్తకుండా కూర్చుంటారు. అది చదివి పుల్లారావు నవ్వాడు గానీ, ఎందుకో ఆ పూట అన్నం సయించలేదు.

పది రోజులుగా ఆయన ముందునుంచి చదువుకుంటూ వస్తున్నాడు, బేరాలు వెనకనుంచి తినుకుంటూ వస్తున్నాయి. ఈ మధ్యాహ్నం రెండూ ఎదురుపడ్డాయి.

ఈ కథలోనూ ఒక దుకాణందారుడే. వాడూ పొట్లాలకు పుస్తకం చించుతుంటాడు. ఆ పుస్తకం గుణమేమిటంటే, కాగితం ఎవరు తీసుకుపోతే వాళ్ళు చించినవాడి బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోతారు. మనుషులెక్కడికీ పోరు, ఊళ్ళోనే తిరుగుతుంటారు. వాళ్ళెవరో వాడికొక్కడికే తెలియదు. మొదట బావమరిదిని మరిచిపోయి హాయిగా నిద్రపోతాడు. అక్కడ పుల్లారావు పడీపడీ నవ్వాడు. పేజీ అడుగుకొచ్చేసరికి ఇట్లా ఉంది: "ఆ పొద్దున కాగితం పట్టుకుపోయింది ఎవరో కాదు, వాడి"

అంతే. తర్వాత కాగితం లేదు.

వాడి... ఎవరు? పుల్లారావు వీపంతా చెమట పట్టింది. ఈ వారంలోనే ముగ్గురు ఆయన మీద అలిగారు. "ఏంది పుల్లన్నా, నన్నే ఎవురని అడుగుతావా? కళ్ళజోడు మార్చుకోపో," అన్నారు. కళ్ళజోడేనా?

పొద్దున భార్య రామతులసమ్మ బేస్తవారిపేటలో వాళ్ళక్క దగ్గరికి బస్సెక్కింది. పోతూ పోతూ మిరియాలు తీసుకుంది. పుల్లారావు గబగబా ఆమె ముఖం గుర్తు చేసుకున్నాడు. చెంప మీద మచ్చ, ముక్కుపుడక, కోపమొస్తే ముడిపడే కనుబొమలు, అన్నీ ఉన్నాయి. ఇంకా ఎంతసేపుంటాయో? ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

దుకాణం ముందు పూలమ్మే నరసమ్మను కేకేశాడు.

"నరసమ్మా, పొద్దున నేను పొట్లం ఎవురికి కట్టిచ్చినా? చూసినావా?"

"నేనొచ్చిందే పదకొండుకు గదన్నా. అప్పట్నుంచి నీ కాడికి ఈగ గూడా రాలే."

ఫోన్ చేశాడు. మూడోసారికి రామతులసమ్మ ఎత్తింది.

"మిరియాలు దేంట్లో పోసుకోని పోయినావు?"

"స్టీలు డబ్బాలో. మీ సిరా కాగితాలు నేనెప్పుడన్నా ముట్టుకున్నానా? ఏంది, అట్ల రొప్పుతున్నారు?"

"ఏంలే. నువ్వు గుర్తున్నావు, అది చాలు."

"పెళ్ళయిన పన్నెండేళ్ళకు ఇప్పుడొచ్చిందా సరసం! అన్నం ఇద్దరికీ సరిపోను వండిపెట్టినా," అని నవ్వి పెట్టేసింది.

ఇద్దరికీ! తన తిండి మీద ఎకసెక్కాలు ఆమెకు మామూలేలే అనుకున్నాడు పుల్లారావు. గుండె కాస్త కుదుటపడింది. కూర్చోబోతే గల్లా కింద చిన్న గులాబీరంగు చెప్పులు కాలికి తగిలాయి. బేరానికొచ్చిన ఏ పిల్లో మరిచిపోయుంటుందని గోడ వారకు జరిపాడు.

నాలుగున్నరకు బడి యూనిఫాంలో పదేళ్ళ పాప ఒకతె వచ్చింది. అడ్డపలక ఎత్తి నేరుగా లోపలికి దూరి, బ్యాగు బియ్యం మూట మీద పడేసి, నలిగిన కాగితమొకటి ఆయన ముందు పెట్టింది.

"పొద్దున పుట్నాలు కట్టిచ్చినావే, ఆ కాగితం నాయనా. కథ సగంనుంచి ఉంది. దీని ముందుది యాడుంది?"

పుల్లారావు లాక్కున్నంత పని చేశాడు. పైనున్న మొదటి వాక్యం చదివాడు.

"కూతురే. కానీ ఆ సంగతి ఇప్పుడు వాడికి ఎవరు చెప్పాలి?"

రెండోసారి చదివి, గట్టిగా ఊపిరి వదిలి, పొట్ట పట్టుకుని నవ్వాడు. మధ్యాహ్నంనుంచి పట్టిన భయమంతా ఒక్కసారిగా దిగిపోయింది.

"ఓసోస్, దీనికా ఇంతసేపు హడలిపోయినా! కూతురుంటే గదా మరిచిపోవడానికి!"

ఏదో జోకనుకుని పాప కూడా నవ్వింది. "అమ్మ ఫోన్ చేసిందా? బేస్తవారిపేటలో పెద్దమ్మ వాళ్ళింటికి చేరిందంటనా?" అంటూ గోడ వారనున్న గులాబీరంగు చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

పుల్లారావు సీసా మూత తీసి, పల్లీ చిక్కీ ఒకటి ఆ పాప చేతిలో పెట్టి, ముద్దుగా అడిగాడు.

"కాగితం తెచ్చి శానా మంచి పని చేసినావు. ఇంతకీ నువ్వు ఎవురి పాపవమ్మా?"