ఒంటిగంట మసక

"ఒంటిగంటకే ఇంటికి పోతానంటే ఎట్లాగమ్మా? ఇది ప్రెస్సా, పిల్లల బడా?"

యజమాని పూర్ణచంద్రరావుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఇక మాట తెగినట్టేనని ప్రెస్సులో అందరికీ తెలుసు.

పురిటి సెలవు ముగించుకుని ఆ ఉదయమే పనిలో చేరిన హైమవతి పమిట నిండుగా కప్పుకుని నిలబడింది. కంకిపాడులో బిడ్డ మధ్యాహ్నం పాలకోసం ఏడ్చే వేళ అయిందని గడియారం చూడకుండానే ఆమెకు తెలుస్తోంది.

"కొన్ని నెలలేనండీ. పొద్దున ఎనిమిదింటికే వస్తాను. ఒంటిగంట దాకా తలెత్తను. సగం జీతమే ఇవ్వండి. డబ్బాపాలు ముట్టడం లేదండీ వాడు."

"డెబ్బై నాలుగు మే నెలమ్మా ఇది! జూన్లో బడులు తెరిచేసరికి పుస్తకాలన్నీ కొట్లకు చేరాలి. సాయంత్రం దాకా ఉండగలిగితే ఉండు. లేదంటే రేపటికి ఇంకో మనిషిని చూసుకుంటాను."

హైమవతి ఎదురుబల్ల వైపు చూసింది. రాతప్రతిని ఆమె కామాలతో సహా పైకి చదువుతుంటే, అచ్చుకాగితం మీద తప్పులు దిద్దేది ఆ బల్ల దగ్గర కూర్చునే బాలశౌరిగారు. ఆయన దిద్దిన పేజీలో తప్పు దొరకదని బెజవాడ ప్రెస్సులన్నిటా పేరు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరనీ పేరే. తనకోసం ఒక్క మాట చెబుతారేమోనని ఆశపడింది. ఆయన తలొంచుకుని ఎర్ర పెన్సిలు చెక్కుకుంటున్నారు.

చెక్కడం అయ్యాక లేచి నిలబడ్డారు. "నాదీ ఒక మనవి ఉందండీ. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు మసకేస్తున్నాయి. పని మానేద్దామనుకుంటున్నాను."

పూర్ణచంద్రరావుగారు గబుక్కున కళ్ళజోడు పెట్టుకున్నారు. "మీరా! కళ్ళా! ఏదీ, ఆ గుమ్మంలో ఉన్నదెవరో చెప్పండి!"

బాలశౌరిగారు కళ్ళు చికిలించారు. మెడ ముందుకు చాచారు. "రత్తయ్యలా ఉన్నాడే."

"నేనండీ, లాజర్ని!" అన్నాడు గుమ్మంలో ఉన్న, అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరు. రత్తయ్య పొట్టివాడు, లావుపాటివాడు. లాజరు తాటిచెట్టు. రోజూ పక్కనే కూర్చుని అన్నం తినే మనిషి తనను పోల్చుకోలేకపోయేసరికి అతని ముఖం చిన్నబోయింది.

"డాక్టరుకి చూపించారా?"

"మధ్యాహ్నం నుంచి కళ్ళకి విశ్రాంతి కావాలన్నాడండీ. పొద్దుటిపూట మాత్రం ఫరవాలేదు. సగం జీతానికి ఆ ఒక్కపూటే రమ్మంటే వస్తాను, లేదంటే..."

"లేదంటే అన్న మాట ఎత్తకండి! మీరు లేకుండా పుస్తకం వదిలితే జనం నన్ను బతకనిస్తారా? మరి మధ్యాహ్నం పని?"

"పొద్దున మేం దిద్దినవి కంపోజింగువాళ్ళు మధ్యాహ్నం సరిచేసుకుంటారు. కానీ నాకు చదివే మనిషి ఈ అమ్మాయే కావాలి. ఇన్నాళ్ళూ మీరు పెట్టినవాళ్ళలో ఒకడు కామాలు మింగాడు, ఇంకొకడు వాక్యాలే మింగాడు."

పూర్ణచంద్రరావుగారు కాసేపు గెడ్డం గోక్కున్నారు. "సరే, ఇద్దరూ ఒంటిగంటకే వెళ్ళండి. ఏం చేస్తాను, నా ఖర్మ!"

హైమవతికి ఏనుగెక్కినంత సంబరమయింది. మరుక్షణమే సిగ్గేసింది. ఆ పెద్దాయన చూపు పోతుంటేనా తనకు మేలు జరగడం!

ఒంటిగంట కొట్టాక బయటికి వచ్చేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుంది. "మెట్టు ఉంది, జాగ్రత్త బాబాయిగారూ."

ఆయన కాలితో తడుముకుంటూ బుద్ధిగా ఒక్కో మెట్టే దిగారు.

"మీ కళ్ళు త్వరగా బాగుపడాలని దుర్గమ్మకి మొక్కుకుంటానండీ."

"తొందరేం లేదులేమ్మా. ముందు పిల్లవాడికి అన్నప్రాశన కానీ."

పాపం, దిగులుతో ఏదో పొంతన లేకుండా మాట్లాడుతున్నారనుకుంది.

అంతలో బందరు రోడ్డు చివర దుమ్ములో ఎర్రబస్సు కనిపించింది. ముందున్న బోర్డు ఆమె కంటికి ఇంకా ఆనలేదు. అయినా బిడ్డ కళ్ళల్లో మెదిలేసరికి, ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి స్టాపు వైపు పరుగెత్తింది.

వెనకనుంచి బాలశౌరిగారు కేకేశారు.

"పరిగెత్తకమ్మా! అది బందరు ఎక్స్‌ప్రెస్సు, కంకిపాడులో ఆపడు. నీ బస్సు దాని వెనకాల వస్తోంది!"