పద్నాలుగు ఎక్స్‌రేలు

మూడు వారాల్లో మెడికల్ రిపోర్టులు అందకపోతే ఆర్డర్లు ఆపేస్తామని బెంగుళూరు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది.

దినకరన్ దాన్ని రెండుసార్లు చదివాడు. ప్రింటు తీసుకుని ఓనరు నరసింహన్ గదిలోకి వెళ్ళాడు.

వెల్లిచందై ఊరు దాటాక రోడ్డు పక్కనే ఉంది ఆ మిల్లు. పలుగురాయిని పిండి చేసి బస్తాల్లో పంపుతారు. గ్రైండింగ్ షెడ్డులో పద్నాలుగు మంది, అందరూ మగవాళ్ళే. పొద్దున నల్లటి తలలతో లోపలికి పోతారు. మధ్యాహ్నానికి కనుబొమలతో సహా తెల్లబడి బయటికొస్తారు. దినకరన్ ఆఫీసు మనిషి. హాజరు పట్టీ, పీఎఫ్, ఇన్‌స్పెక్టరు అడిగే రిజిస్టర్లు అన్నీ అతను చూసుకునేవే.

"షెడ్డువాళ్ళందరికీ ఛాతీ ఎక్స్‌రే తప్పదంట సార్. ఫిల్ములు వాళ్ళ డాక్టరే చూస్తారు. అన్నీ బాగుంటే అందరికీ హెల్త్ ఇన్సూరెన్స్ కూడా వాళ్ళే కడతారంట."

"ఒక్కటి బాగా లేకపోతే?"

"ఆర్డరు పోతుంది."

నరసింహన్ షెడ్డు వైపు చూశాడు. మిషన్ల హోరులో కూడా ఒక దగ్గు విడిగా వినిపిస్తోంది.

"ఎవరది?"

"చిన్నసామి."

నరసింహన్ లేచి తలుపు మూశాడు. అది మళ్ళీ తెరుచుకోవడానికి అరగంట పట్టింది.

సాయంత్రం గేటు దగ్గర చిన్నసామి కాచుకుని ఉన్నాడు. పెరియంపట్టి మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఈ షెడ్డులోనే పని. ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు మిల్లులో అతనూ దినకరనూ మాత్రమే. అందుకే చిన్నసామికి అతని దగ్గర చనువు.

"ఏమప్పా దినకరా, రొమ్ముకు ఫోటో తీస్తారంటనే?"

"అవునన్నా."

"తీస్తే అంతా తెలిసిపోతాది గదప్పా. పోయినేడు మన షెడ్డు అరివళగన్‌కు తీసినారు. మళ్ళా వాడు పనికి రాలా. ఆడి నెల గూడా దాటకుండానే పోయినాడు." ఆయాసం ఆపుకోవడానికి చిన్నసామి గేటు పట్టుకున్నాడు. "నా కూతురి చదువు ఇంకొక్క ఏడు ఉండాది. అంతవరకన్నా నన్ను పనిలో ఉండనీయప్పా."

దినకరన్ అతని భుజం మీది తెల్లపొడి దులిపాడు.

"భయపడొద్దన్నా. నీ ఫిల్ము బాగానే వస్తాది."

"నీకెట్ల తెలుసు?"

"నేను చూసుకుంటాను. ఇన్సూరెన్సు కార్డు చేతికొస్తే పెద్దాసుపత్రిలో మంచి వైద్యమే చేయించుకోవచ్చు."

చిన్నసామి అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

ఆదివారం పొద్దున దినకరన్ చొక్కా వేసుకుంటుంటే భార్య చిత్ర అడ్డం వచ్చింది.

"ఈ పొద్దు గూడా పోవాలా? పాప మోనిషాను కడైవీధికి తోడుకుపోయి గౌను కొనిస్తానంటివే?"

"ఎక్స్‌రే వ్యాను వస్తాది. నేను లేకపోతే పని జరగదు."

"పద్నాలుగు మందికీ ఈ పొద్దేనా?"

"ఈ పొద్దే."

మిషన్లు ఆగిన మిల్లు వేరే చోటులా ఉంది. రేకుల మీద, తీగల మీద, వేపాకుల మీద తెల్లటి పొడి కదలకుండా పడి ఉంది. వ్యాను షెడ్డు నీడలో ఆగింది. టెక్నీషియన్ వాసుదేవన్ పేర్ల జాబితా గోడకు అంటించుకుని పని మొదలుపెట్టాడు.

"ఊపిరి పీల్చు. బిగబట్టు. వదులు."

ఒక్కో పేరు పక్కన ఒక్కో టిక్కు. మళ్ళీ అదే మాట. పీల్చు. బిగబట్టు. వదులు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి పద్నాలుగు టిక్కులూ పడ్డాయి.

"ఎలా ఉన్నాయి?" దినకరన్ అడిగాడు.

"తీయడం వరకే నా పని. చదివేది డాక్టరు." వాసుదేవన్ అతని ముఖం వైపు చూడకుండానే తలుపు వేసుకున్నాడు.

గురువారం పదకొండు గంటలకు ఫోను మోగింది. కంపెనీ డాక్టరు అభిరామి.

"దినకరన్ గారేనా? మీ రిపోర్టులు చూశాను. ఒక్కటి కూడా బాగా లేదు."

దినకరన్ నవ్వబోయాడు. "సరిగ్గా చూశారా మేడమ్? మావాళ్ళవేనా అవి?"

"మీ మిల్లు పేరే ఉంది. అన్నిట్లోనూ కుడి ఊపిరితిత్తిలో, పైన, గడ్డ. చుట్టుపక్కలకు పాకింది కూడా. మొదటి ఫిల్ము చూసి అయ్యో పాపం అనుకున్నాను. అయిదోదానికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అసలు ఏం చేసి చంపుతున్నారండీ అక్కడ మనుషుల్ని?"

దినకరన్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఒక్క రోజు కూడా ఆగొద్దు. రేపే అందర్నీ సేలం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. నిజం చెప్పాలంటే ఇప్పటికే ఆలస్యమైంది."

ఫోను పెట్టేశాక అతను నరసింహన్ గదికి వెళ్ళాడు. చెప్పాడు. నరసింహన్ కేకలు వేయలేదు. ఆర్డరు మాట ఎత్తలేదు. చాలాసేపు అతని ముఖంలోకే చూసి, తన నీళ్ళ గ్లాసు అతని వైపు జరిపాడు.

"ఎక్కడో తప్పు జరిగుంటుంది నాయనా."

"ఒకటో రెండో అయితే తప్పు అనుకోవచ్చు సార్. పద్నాలుగు సార్లు తప్పు వస్తుందా?"

కిటికీలోంచి షెడ్డు కనిపిస్తోంది. భోజనాల వేళ. పద్నాలుగు మందీ కాళ్ళు చాపుకుని టిఫిన్ డబ్బాలు విప్పుతున్నారు. చిన్నసామి దగ్గుతూనే ఎవరితోనో ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. దినకరన్‌ను చూసి చెయ్యి ఊపాడు.

దినకరన్ కూడా చెయ్యి ఎత్తాలనుకున్నాడు. ఎత్తలేకపోయాడు.

వ్యాను వచ్చిన ఆదివారం ఆ పద్నాలుగు మందిలో ఒక్కరూ మిల్లుకు రాలేదు. వ్యానులో చొక్కా విప్పి, పేరు పేరుకూ ఊపిరి బిగబట్టి, పద్నాలుగు సార్లూ మిషన్ ముందు నిలబడింది దినకరనే.